షేర్ ఖాన్ వీపు చూసి కొన్నాను

ఛోటా భీమ్ పుట్టింది మన హైదరాబాద్‌లోనే. గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వాళ్ళు తీసిన ఆ సీరియల్ 2008లో పోగోలో మొదలైంది. అది పెడితే తప్ప మా వాడు ముద్ద మింగేవాడు కాదు. అంత చేసినా, అందులో వాడిన అసలు బొమ్మ ఒకటి కొని గోడకి తగిలించుకుందామంటే కుదరదు. రంగులన్నీ కంప్యూటర్లో వేసినవే, చేత్తో పట్టుకుని చూసుకునే రంగుల బొమ్మ అంటూ లేదు. అలాంటిది కావాలంటే ఇంకా వెనక్కి, ఇంట్లో దూరదర్శన్ తప్ప మరో చానల్ లేని ఆదివారాలకి పోవాలి. నేను పోయింది అక్కడికే. తెచ్చుకున్నది జంగిల్ బుక్‌లో షేర్ ఖాన్‌ని.

1990ల మొదట్లో ఆ సీరియల్ హిందీలో వచ్చేది. టైటిల్ పాట గుల్జార్ రాశారు, షేర్ ఖాన్‌కి గొంతు నానా పాటేకర్ ఇచ్చారు. దాంతో అది మనవాళ్ళు తీసిందే అనుకున్నాం మా వీధి పిల్లలమంతా. తీసింది జపాన్‌లోని నిప్పాన్ యానిమేషన్. 1989లో మొదలుపెట్టి 52 ఎపిసోడ్లు తీశారు. అప్పటికి ఇంకా కార్టూన్లకి రంగులు చేత్తోనే వేసేవాళ్ళు. అలా రంగులేసిన ఒక్కో పారదర్శక ప్లాస్టిక్ షీటునీ సెల్ అంటారు.

పద్ధతి పాతదే. ఎర్ల్ హర్డ్ అనే అమెరికన్ 1914లో దీని పేటెంటుకి దరఖాస్తు పెట్టుకున్నాడు. బొమ్మ గీతలు షీటు పైవైపు ఉంటాయి, రంగులు వెనకవైపు నుంచి నింపుతారు. అడవినో గదినో విడిగా కాగితం మీద వేసుకుని, దాని మీద ఈ షీటు పరిచి కెమెరాతో ఫోటో తీస్తారు. తర్వాత షీటు మారుస్తారు, మళ్ళీ ఫోటో. సినిమా నడిచేది సెకనుకి 24 ఫ్రేములు. టీవీ వాళ్ళు ఖర్చు కలిసొస్తుందని ఒకే బొమ్మని రెండు మూడు ఫ్రేముల పాటు అలాగే ఉంచేసేవాళ్ళు, అంటే సెకనుకి పన్నెండో ఎనిమిదో బొమ్మలు. ఫోటో తీసేశాక సెల్‌తో ఎవరికీ పని లేదు. తొలిరోజుల్లో కడిగి మళ్ళీ వాడుకునేవాళ్ళు, తర్వాత్తర్వాత చాలావాటిని పారేశారు. ఇప్పుడు వేలంపాటల్లో తిరిగేవి చెత్తలోకి పోకుండా మిగిలినవే.

నాకు మొదట మోగ్లీ కావాలనిపించింది. ఎవరికైనా మోగ్లీయే కావాలి. అందుకే ధర కూడా మోగ్లీకే ఎక్కువ. ఒకరోజు మాత్రం మోగ్లీ ముఖం చాలా చవగ్గా కనిపించింది. ఫోటో పెద్దది చేసి చూస్తే ముఖానికి నోరు లేదు! కళ్ళున్నాయి, ముక్కుంది, నోరుండాల్సిన చోట ఒట్టి చర్మం రంగు. ఎవరైనా చెరిపేశారా అనుకుంటాం గానీ, అది అలా ఉండాల్సిందే. పాత్ర మాట్లాడేటప్పుడు కదిలేది నోరొక్కటే కదా, దానికోసం ఒళ్ళంతా మళ్ళీ మళ్ళీ గీయడం దండగ. అందుకని ఒళ్ళు ఒక షీటు మీద, నోరు ఇంకో షీటు మీద వేసి రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి తీసేవాళ్ళు. మూలన ఏ 1, బి 4 లాంటి గుర్తులుండేది అందుకే. ఏ అంటే ఒక పొర, బి అంటే దాని మీద పొర. ఆ మోగ్లీ నోరు బి పొర మీద ఎక్కడికో పోయింది.

ఈ కిటుకుని బాగా పిండుకున్నది అమెరికాలో 1957లో పెట్టిన హన్నా-బార్బెరా కార్టూన్ స్టూడియో. వాళ్ళ ఎలుగుబంటి యోగి బేర్ ఒంటి మీద చొక్కా లేదు గానీ మెడకి కాలరూ టై ఉంటాయి, గమనించారా? అది ఫ్యాషన్ కాదు, అతుకు దాచడానికి. టై దగ్గర ఒళ్ళు ఆగిపోతుంది, అక్కణ్ణుంచి తల వేరే షీటు. ఈ విషయం తెలిశాక ఆ కార్టూన్లు చూస్తే నా చూపు కథ మీద నిలవదు, మెడల మీదికే పోతుంది. కొనేవాళ్ళకి ఇందులో ఉన్న చిక్కు ఏంటంటే, తల ఒక దేశంలో, ఒళ్ళు ఇంకో దేశంలో అమ్ముడుపోయి ఉండొచ్చు.

ఇక దొంగ సరుకు. దొంగ అంటే అన్నీ మోసమని కాదు. సెరిసెల్ అని ఒకటుంది. అది స్క్రీన్ ప్రింటింగ్‌తో వేలకొద్దీ అచ్చేసింది, మన పెళ్ళి కార్డులు అచ్చేసే పద్ధతే. లిమిటెడ్ ఎడిషన్ అని ఇంకోటుంది. అది చేత్తో రంగులేసిందే, చూడ్డానికి అసలు దానికంటే నీటుగా ఉంటుంది, కింద 500లో 125వది అని నంబరు కూడా ఉంటుంది. కానీ అది కెమెరా కిందికి ఎప్పుడూ పోలేదు, అమ్మడానికే చేశారు. ఈ రెండూ కొనుక్కునేవాళ్ళని నేనేమీ అనను. నాకు మాత్రం టీవీలో ఒక్క క్షణమైనా కనబడ్డ షీటే కావాలి. అమ్మేవాళ్ళలో కొందరు మూడింటినీ కలిపి ఒరిజినల్ అనేస్తారు, పైగా సర్టిఫికెట్ జత చేస్తామంటారు. అమ్మేవాడే రాసిచ్చుకునే సర్టిఫికెట్ మీద నాకు ఏ గురీ లేదు.

నా దృష్టిలో అసలు సర్టిఫికెట్ సెల్ వీపు. ముందువైపు నున్నగా, అచ్చు వేసినట్టే కనబడుతుంది, అక్కడ ఏమీ తేలదు. వెనక్కి తిప్పితే రంగు దళసరిగా ఉంటుంది, ఒకచోట ఎత్తుగా ఒకచోట పల్చగా, గీత దాటి బయటికి వచ్చినచోట్లు కనిపిస్తాయి. అంచున నడుమ ఒక గుండ్రటి రంధ్రం, దానికి అటూ ఇటూ పొడుగాటి రంధ్రాలు ఉంటాయి. షీటు కదలకుండా మేకులకి తగిలించేది వాటితోనే. మూలన చేతిరాతతో నంబరు. అదృష్టం ఉంటే వెనకాల ఆ బొమ్మ తాలూకు పెన్సిల్ డ్రాయింగు కూడా ఉంటుంది, చాలాసార్లు రంగుకి అంటుకుపోయి. అంటుకుంటే పీకకూడదు. పీకితే కాగితంతో పాటు రంగూ వస్తుంది. అమ్మేవాళ్ళందరికీ నేను ముందు పంపే మెసేజ్ ఒకటే: వెనకవైపు ఫోటో, నాలుగు అంచులూ పడేలా. అమెరికాలో ఒకాయన దానికి జవాబుగా ఫ్రేములోంచి తియ్యడం కుదరదన్నాడు. సరేనని వదిలేశాను.

షేర్ ఖాన్‌ని చూసినప్పుడు ముందు నచ్చింది వీపే. ఆ అమ్మకందారు అడక్కుండానే రెండు వైపులా ఫోటోలు పెట్టాడు. పులి నడుస్తూ ఆగి వెనక్కి తిరిగి చూస్తున్న భంగిమ. నోరు మూసి ఉంది కాబట్టి పోగొట్టుకునే పొర ఏదీ లేదు. కానీ నన్ను పట్టేసింది చారలు. చారల పులిని చేత్తో యానిమేట్ చేయడమంటే ఎంత పనో ఆలోచించండి. కాలు కదిలితే ప్రతి చారా వంగాలి, వంగిన ప్రతి చారకీ మళ్ళీ నల్లరంగు నింపాలి, అదంతా సెకనులో పన్నెండో వంతు కనబడి పోవడానికి. మచ్చలూ చారలూ ఉన్న జంతువుల దగ్గర స్టూడియోలు ఊరికే భయపడలేదు. డిస్నీ వాళ్ళు 1961లో 101 డాల్మేషన్స్ తీయగలిగారంటే పెన్సిల్ గీతల్ని నేరుగా షీటు మీదికి జిరాక్స్ తీసే పద్ధతి రావడం వల్లే. గీతలకైతే మిషన్ వచ్చింది, రంగు నింపే పని మాత్రం చేతులకే మిగిలింది. అటు అమెరికాలో గానీ ఇటు జపాన్‌లో గానీ ఆ చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవి. వాళ్ళ పేర్లు సెల్ మీద ఎక్కడా ఉండవు.

షేర్ ఖాన్ అమ్మకానికి ఉన్నది జపాన్ ఆన్‌లైన్ వేలంలో, అక్కడ పాడటానికి మనం నేరుగా పోలేం. జపాన్‌లో మన తరఫున పాడి, సరుకు తెప్పించుకుని, మళ్ళీ మనకి పంపే మధ్యవర్తి సర్వీసులున్నాయి, వాళ్ళకి కొంత రుసుము. జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి పదింటికి ముగిసే వేలం మనకి సాయంత్రం ఆరున్నరకి ముగుస్తుంది, అంటే సరిగ్గా నేను అమీర్‌పేటలో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ వైపు వచ్చే టైము. చివరి నిమిషంలో ఎవరైనా పాట పెంచితే గడువు ఇంకో ఐదు నిమిషాలు పొడిగించే ఏర్పాటు కూడా ఉంది అక్కడ. నాంపల్లి దాటాక ఒకడు పెంచాడు, నేను పెంచాను, మళ్ళీ వాడు. ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో ఫోను, పక్కన కూర్చున్న పెద్దావిడ "ఏమన్నా కష్టమా అమ్మా?" అని అడిగింది, నా మొహంలో టెన్షన్ అలా ఉంది మరి. మలక్‌పేట దగ్గర అవతలివాడు ఆగిపోయాడు. 14,500 యెన్లకి వచ్చింది.

ఆ డబ్బుతో అయిపోలేదు. మన కస్టమ్స్ వాళ్ళు సరుకు ధర ఒక్కదాని మీదే సుంకం వేయరు, రవాణా ఖర్చూ ఇన్సూరెన్సూ కలిపిన విలువ మీద వేస్తారు, ఆ పైన ఐజీఎస్టీ అనే పన్ను. అంటే చవక బొమ్మని ఖరీదైన కొరియర్లో తెప్పిస్తే కొరియర్ డబ్బుకి కూడా సుంకం కట్టినట్టే. వీలైతే రెండు మూడు కలిపి ఒకే పెట్టెలో తెప్పించుకోవడం మేలు. నాది ఒక్కటే కాబట్టి ఆ వెసులుబాటు లేదు. ఆధార్ కాపీ, కార్డుతో డబ్బు కట్టిన రసీదు, వేలం బిల్లు అడిగారు, ఇచ్చాను. వస్తువు ఏంటో ఒక కాగితం మీద రాసివ్వమన్నారు. "చేత్తో రంగులు వేసిన ప్లాస్టిక్ షీటు, పాత టీవీ కార్టూన్ కోసం వాడినది, ప్రింటు కాదు, ఒకటి" అని రాసి, వెనకవైపు ఫోటో కూడా జత చేశాను. ప్రశ్నలు ఆగిపోయాయి. అన్నీ కలిపి రూ.15,000కి కాస్త అటూ ఇటూగా తేలింది. ఇంట్లో ఆ అంకె చెప్పినప్పుడు మా ఆయన ఏమీ అనలేదు, ఆయన బైకు మీద పెట్టే ఖర్చు నా దగ్గర రాసి ఉంది.

పెట్టె విప్పాక ముందు చేసిన పని వాసన చూడటం. ఈ షీట్లు సెల్యులోస్ ఎసిటేట్‌తో చేసినవి. వేడికీ తేమకీ ఆ ప్లాస్టిక్ విరుగుతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, వెనిగర్ వాసన అందుకే వస్తుంది. వాసన మొదలైందంటే షీటు ముడతలు పడటం, రంగు పెచ్చులు లేవడం ఆట్టే దూరంలో లేదు. పైగా ఆ ఆవిరి పక్కనున్న మంచి సెల్స్‌ని కూడా పాడు చేస్తుంది కాబట్టి అలాంటిదాన్ని వేరే పెట్టాలి. నా పులి దగ్గర పాత రంగుల వాసన తప్ప ఇంకేం లేదు. తర్వాత కిటికీ వెలుతురుకి పెట్టి చూశాను. జపాన్ సెల్స్‌లో మిషన్‌తో ఎత్తిన నల్ల గీతలు ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసిపోతాయి. నా దాంట్లో మీసాల దగ్గర కాస్త పల్చబడ్డాయి, మిగతా చోట్ల గట్టిగానే ఉన్నాయి. షీటు వెనకవైపు, పులి కుడి తొడ మీద మూడో చార దగ్గర నల్లరంగు గీత దాటి నారింజ రంగు మీదికి ఎక్కింది. ముందువైపు నుంచి చూస్తే ఆ పొరపాటు కనపడదు, ఎందుకంటే నారింజ ముందే ఆరిపోయి నలుపుకి అడ్డంగా ఉంది. ఎవరో తొందరలో ఉన్నారు ఆ రోజు. నేనిచ్చిన డబ్బులో సగం ఆ బొట్టుకే అనుకుంటాను.

అసలు పేచీ పటం కట్టించే దగ్గర వచ్చింది. కోఠిలో దేవుడి పటాలూ పెళ్ళి ఫోటోలూ కట్టే షాపుకి పట్టుకుపోయాను. ఆయన షీటుని వెలుతురుకెత్తి అటూ ఇటూ తిప్పాడు.

"ఇది ఎక్స్‌రే లెక్కున్నది గద మేడమ్. దీనికి పటం కడతరా?"

"కట్టాలన్నా. కానీ అద్దం దీనికి తగలకూడదు."

"తగలకుంటే ఎట్ల నిలవడ్తది? అద్దం పెట్టి, ఎనక అట్ట పెట్టి, మొల కొడ్తం. అంతే."

అదే చెయ్యకూడదు. అద్దం నొక్కుకుని ఉంటే వానాకాలం తేమకి గీతల వైపు అంటుకుంటుంది, వెనక అట్ట నొక్కితే రంగు వైపు అంటుకుంటుంది. అద్దానికీ షీటుకీ మధ్య మందమైన మౌంటు, అంటే నడుమ కిటికీలా కోసిన అట్ట, పెట్టాలని, వెనక కూడా అంతే ఖాళీ ఉండాలని, గమ్ము గానీ టేపు గానీ వాడొద్దని చెప్పాను. పాత ఆల్బముల్లో ఫోటో మూలలకి తొడిగే కార్నర్లు ఉండేవి కదా, అలాంటివి నేనే తీసుకెళ్ళాను. మౌంటు బోర్డు కూడా ఆసిడ్ ఫ్రీది ఆర్ట్ సామాన్ల షాపులో కొని ఇచ్చాను. మామూలు అద్దం బదులు యూవీ ఆపే యాక్రిలిక్ షీటు. ఇన్ని చెప్పేసరికి ఆయన విసుక్కుంటాడనుకున్నాను గానీ, పని నచ్చినట్టుంది, పెన్సిల్ తీసి కొలతలు రాసుకోవడం మొదలుపెట్టాడు. అంతా బాగానే ఉందనుకుంటుంటే, "పైన ఈ మూడు బొక్కలు ఖరాబ్ కనిపిస్తున్నయి, ఇంతమేర కోసేస్త" అని కత్తి అందుకున్నాడు.

చెయ్యి పట్టుకున్నంత పని చేశాను. రంధ్రాలూ, మూలన నంబరూ పోతే ఇక అది ఎవరో గీసిన పులి బొమ్మే. అవి కనపడేటట్టే మౌంటు కిటికీ పెద్దది కొయ్యమన్నాను. ఇంకో కోరిక కూడా కోరాను: వెనక అట్టకి కూడా అదే సైజు కిటికీ కోసి యాక్రిలిక్ పెట్టమని.

"ఎనక ఎవరు చూస్తరు మేడమ్, గోడకు కొడ్తే?"

"నేను చూస్తానన్నా. దించి చూస్తాను."

ఆయన నా వైపు ఒకసారి, పులి వైపు ఒకసారి చూసి, రెండో యాక్రిలిక్‌కి వేరే డబ్బు అవుతుందన్నాడు. అయింది. పని మాత్రం శుభ్రంగా చేశాడు, మూలలు ఎక్కడా వదులు లేవు. గాలి ఆడటానికి చట్రం కింది అంచున సన్నటి సందు వదలమన్నది కూడా మర్చిపోలేదు. ఎసిటేట్‌ని గాలి చొరకుండా బిగించేస్తే అది వదిలే ఆమ్లం లోపలే నిలిచి దాన్నే తింటుంది.

ఇంట్లో ఎక్కడ పెట్టాలన్నది ఇంకో చర్చ. హాల్లో టీవీ పైన ఖాళీ ఉంది, కానీ అది పడమటి గోడ, మేలో సాయంత్రానికి చెయ్యి పెడితే కాలుతుంది. వంటింటి పక్క గోడకి ఆవిరి. చివరికి పడగ్గదిలో లోపలి గోడ, ఎండ పడని వైపు ఖాయమైంది. మా అత్తగారు వచ్చినప్పుడు పడగ్గదిలో పులి ఏంటని అడిగారు, అమ్మవారి వాహనం కదా అన్నాను, ఇక ఆ మాట ఎత్తలేదు. ఫ్రేము కట్టించని సెల్స్ ఉన్నవాళ్ళకి ఒక్క మాట: కలరా ఉండలు వేసిన బీరువాలో పెట్టకండి, ఆ ఆవిరి ప్లాస్టిక్‌కి పడదు. స్టేషనరీ షాపులో దొరికే మెత్తటి పీవీసీ కవర్లూ వద్దు. పాలీప్రొపిలీన్ కవర్లో, మూత తెరిచి, ఒకదాని మీద ఒకటి బరువు పడకుండా ఉంచితే చాలు. వానాకాలంలో పక్కన సిలికా జెల్. మరీ ఎండబెట్టినా రంగు పగులుతుంది, కాబట్టి గుప్పెడు పొట్లాలు కుక్కాల్సిన పని లేదు.

ఇప్పుడు మా వాడూ నేనూ చేస్తున్న పని, ఈ షీటు ఏ క్షణంలో కనబడిందో వెతకడం. ఎపిసోడ్లు పెట్టుకుని షేర్ ఖాన్ వచ్చినప్పుడల్లా ఆపి, ఒక్కో ఫ్రేమే జరుపుకుంటూ చారలు సరిపోలుస్తాం. తోక వంపు కలిస్తే చెవి కలవదు, చెవి కలిస్తే కాలు కలవదు. వాడికి నాకంటే చూపు చురుకు, అమ్మా ఇది కాదు అని నేను బటన్ నొక్కేలోపే చెప్పేస్తాడు. బొమ్మ అసలుదని తేల్చుకోవడానికి ఇంతకు మించిన దారి లేదు గానీ, ఇంకా దొరకలేదు. టీవీలో దూకుతూ వస్తుంటే భయపెట్టే పులి, ఫ్రేము ఫ్రేముగా చూస్తే చాలాచోట్ల మెల్లకన్నుతో ఉంటుంది. దానికి మావాడు పడీ పడీ నవ్వుతాడు.

ఈ మధ్య స్కూబీ-డూ సెల్ ఒకటి కంటపడింది, 1969లో మొదలైన మొదటి సిరీస్‌దని రాశారు. వెనకాల పాడుబడ్డ భవనం బ్యాక్‌గ్రౌండు, ఫ్రేములో బిగించి ఉంది. ఆ బ్యాక్‌గ్రౌండు మాత్రం కలర్ కాపీ అని అమ్మేవాళ్ళే ఒప్పుకుంటున్నారు, అది నాకు పెద్ద పట్టింపు కాదు. నిజంగా ఆ కాలందే అయితే ధర కూడా మరీ మింగుడుపడనిదేం కాదు. కాకపోతే ముందువైపు ఫోటోలే ఆరు పెట్టారు. ఫ్రేము విప్పి వీపు చూపించమని అడిగాను, రెండు రోజుల్లో పంపిస్తామన్నారు. ఆ రెండు రోజులూ ఎప్పుడో దాటిపోయాయి. నేనూ తొందరపడటం లేదు.